పెంపుడు జంతువుల పుట్టు చర్మదోషములు

వేలూరు, గుడియాత్తము, పేర్ణంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట అనగానే ఎవ్వరికైనను తోలు జ్ఞప్తికి వచ్చును. 2019వ సంవత్సరములో పాత వేలూరు జిల్లా మూడు జిల్లాలుగా విడిపోయినను, తోళ్ళ పరిశ్రమ ఈ ఊళ్ళను ఒకే త్రాటితో కట్టియుంచినది. మన పాఠశాలకు బిడ్డలను పంపు కుటుంబములలో కొన్ని మగ్గము మీద, కొన్ని అగ్గిపెట్టెల పని మీద, కొన్ని ట్యానరీల కూలి మీద బ్రదుకుచున్నవి. వీనిలో పెక్కిండ్ల పెరటిలో ఒక ఆవో, గేదెయో, రెండు మేకలో, నాలుగు కోళ్ళో ఉండుట అందఱెఱిగినదే. చచ్చిన పశువు చర్మము ఏ వెల పలుకునో మనలో చాలమందికి తెలియును. బ్రదికియున్న పశువు చర్మమును గూర్చి మనకు తెలిసినది మాత్రము చాల తక్కువ.

ఒక మేక ఈనినపుడు పిల్ల ఒంటిమీద వెండ్రుకలు లేకుండ పుట్టినదనుకొందము. లేదా ఒక దూడ మోకాళ్ళ క్రింద చర్మమే లేక, పచ్చిపుండువలె ఎఱ్ఱగా పుట్టినదనుకొందము. ఆ ఇంట ఏమి జరుగును? చూలు పశువు గ్రహణము నాడు బయట తిరిగినదని ఒకరందురు. ఎవరి కన్నో తగిలినదని మఱియొకరందురు. ఆ యేడు ఇంటికి వచ్చిన కోడలి పాదము మంచిది కాదని అనువారును లేకపోలేదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూచి 'గ్రహణపు మొఱ్ఱి' అను భాష మనది. మాటలోనే కారణమును కూడ నిర్ణయించి పెట్టుకొంటిమి. తుదకు పిల్లను పాఱవేయుదురు, తల్లిని పొయిగై మంగళవారపు సంతకు తోలుదురు, కోడలు మాత్రము ఆ మాటను చిరకాలము మోయుచుండును. ఆ పిల్లకు తండ్రియైన మేకపోతును గూర్చి ఎవ్వరును అడుగరు. అది వీధిలో నిశ్చింతగా తిరుగుచునే యుండును. ఈ వ్యాసములో నేను ముఖ్యముగా ఆ మేకపోతును గూర్చియే చెప్పదలచితిని.

ముందుగా రెండు మాటలను వేఱుచేసికొనవలెను. పుట్టుకతో కనబడునది పుట్టు దోషము. తల్లిదండ్రుల బీజములోనుండి దిగివచ్చునది వంశ దోషము. ఈ రెండును ఒకటేయని మనము సాధారణముగా తలంతుము. కాని పుట్టుకతో కనబడినదెల్ల వంశములోనిది కాదు. వంశములోనిదెల్ల పుట్టుకతో కనబడదు. పిల్ల గర్భములో నున్నపుడు తల్లికి మేతలో ఏదియో కొఱవడియో, రోగము సోకియో పిల్లకు దోషము కలుగవచ్చును. అట్టిదానికి వంశముతో సంబంధము లేదు. మఱికొన్ని దోషములు బీజములోనే యుండియు, పుట్టిన కొన్ని వారములకో, కొన్ని సంవత్సరములకో గాని బయటపడవు. కావున దోషముతో పుట్టిన పిల్లను చూడగానే అడుగవలసిన మొదటి ప్రశ్న ఒకటియే: ఇది వంశములోనిదా, కుడితితొట్టిలోనిదా?

వెండ్రుకలు లేని మేకపిల్లనే చూడుడు. దాని గొంతు క్రింద చేతితో తడిమినపుడు ఇరుప్రక్కల ఉబ్బు తగిలినచో, అది తఱుచుగా అయోడిన్ లోపము. గొంతులోని థైరాయిడ్ గ్రంథి అయోడిన్ లేనిదే తన రసమును తయారుచేయలేదు. ఆ రసము చాలనిచో గర్భములోని పిల్లకు వెండ్రుకలు సరిగా మొలవవు. చర్మము దళసరియై ఉబ్బును. గొఱ్ఱెలలోను, మేకలలోను, పందులలోను ఇది బాగుగా తెలిసిన సంగతి. ఒకే యేట, ఒకే మందలో, వేఱువేఱు తండ్రులకు పుట్టిన పిల్లలు పెక్కు ఇట్లు పుట్టినచో అనుమానము తొట్టి మీదికే పోవలెను. చూలు పశువులకు అయోడిన్ కలిపిన ఉప్పును, లవణ మిశ్రమమును పెట్టుచుండినచో మఱుసటి ఈతలో సాధారణముగా మంచి పిల్లలే పుట్టును. గుప్పెడు ఉప్పుతో పోవు దోషమునకు తల్లిమేకను సంతలో అమ్ముకొన్నవారు ఎంత నష్టపడిరో చెప్పనక్కఱలేదు. క్యాబేజీ ఆకులను అదేపనిగా మేపినను అయోడిన్ పనికి అడ్డు కలుగును. సుబాబుల్ ఆకులోని మైమోసిన్ అను పదార్థము వెండ్రుకలను రాల్చును, గొంతు గ్రంథిని ఉబ్బించును. సుబాబుల్ మంచి మేతయే. కాని మేత యంతయు అదియే కారాదు.

ఇక పుట్టుకతోగాని వంశముతోగాని సంబంధము లేని చర్మరోగములు అనేకము గలవు. 2019లో మన దేశమున మొదట కనబడి, 2022లో లక్షకు పైగా పశువులను చంపిన లంపీ చర్మవ్యాధి వైరస్ వలన వచ్చునది. గజ్జి, తామర, పిడుదుల వలని పుండ్లు కూడ బయటినుండి వచ్చునవే. వీనిని గూర్చి ఇక్కడ వివరింపబోను. ఒక గుర్తు మాత్రము చెప్పెదను. అంటువ్యాధి ప్రక్క కొయ్యకు కట్టిన పశువునకు పాకును. వంశ దోషము ప్రక్క పశువునకు పాకదు, సంతానమునకు పాకును.

వంశ దోషములలో మిక్కిలి దారుణమైనది పైచర్మమే ఏర్పడకపోవుట. దూడలలో, గుఱ్ఱపుపిల్లలలో, పందిపిల్లలలో ఇది కనబడును. కాళ్ళ చివరల, మూతి మీద, నాలుక మీద అక్కడక్కడ పైచర్మము లేకుండ పిల్ల పుట్టును. ఒక్కొక్కప్పుడు గిట్టలు కూడ ఊడి వచ్చును. మచ్చ చిన్నదైనచో మానవచ్చును. పెద్దదైనచో రసి కాఱి, చీముపట్టి కొలదిదినములలో పిల్ల చనిపోవును. మఱియొక దోషములో చర్మము దళసరియై చేపపొలుసులవలె పగిలియుండును. ఇంకొకదానిలో దూడ పండ్లు గులాబివన్నెగానో, గోధుమవన్నెగానో ఉండును. మూత్రము కొంతసేపు నిలువయున్నచో ఎఱ్ఱబారును. ఎండలోనికి తోలినచో తెల్లవెండ్రుకలున్న చోట చర్మము పొక్కి ఊడిపోవును. రక్తమునకు ఎఱుపునిచ్చు పదార్థము శరీరములో తయారగు వరుసలో ఒక మెట్టు విఱుగుటయే దీనికి కారణము. ఇట్టి పశువును నీడపట్టున కట్టి మేపినచో బ్రదుకును. వేలూరి ఎండలలో ఆ నీడపట్టు దొఱకుటయే కష్టము!

ఈ దోషములలో పెక్కింటిని శాస్త్రజ్ఞులు అంతర్గత లక్షణములందురు. ఈ మాట మీ పిల్లల విజ్ఞానశాస్త్ర పుస్తకములలో కలదు. గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ సన్యాసి మఠపు తోటలో బఠానీ మొక్కలను పెంచి, లెక్కించి, 1866లో ప్రకటించిన సిద్ధాంతమిది. ప్రతి లక్షణమునకును జీవిలో రెండు జన్యువులుండును. ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. అంతర్గత దోషములో రెండును చెడినవైననే పిల్లకు రోగము వచ్చును. ఒకటి మంచిది, ఒకటి చెడినది యైనచో ఆ జంతువు చూచుటకు సంపూర్ణారోగ్యముతో నుండును. కాని తన సంతానములో సుమారు సగమునకు ఆ చెడిన జన్యువును అందించును. అట్టి జంతువును వాహకమందురు.

ఇప్పుడు మన వీధి మేకపోతు లెక్కను చూతము. అది బలిష్ఠమైనది, నిగనిగలాడుచున్నది, వాహకము. వీధిలోని మేకలలో ఏదియు వాహకము కాదనుకొందము. మొదటి ఈతలో పుట్టిన పిల్లలలో ఒక్కదానికిని రోగముండదు. పోతు మంచిదని పేరు వచ్చును; ప్రక్క వీధివారు కూడ తమ మేకలను తెత్తురు. కాని ఆ పిల్లలలో సగము వాహకములే. ఒకటి రెండేండ్లలో ఆడపిల్లలు ఎదకు వచ్చును. వీధిలో మఱియొక పోతు లేదు గనుక అవి తమ తండ్రితోనే కలియును. కూఁతుళ్ళలో సగము వాహకములు. వాహకమును వాహకమును కలిసినపుడు నాలుగింట ఒక పిల్ల రోగముతో పుట్టును. సగములో నాలుగవ వంతు, అనగా ఎనిమిదింట ఒకటి. పెద్దలు దీనిని పిల్లలచేత నల్లబల్ల మీద వేయించి చూడవచ్చును. అయిదవ తరగతి లెక్కకు మించినది కాదు.

"మొదటి ఈత పిల్లలన్నియు బాగున్నవి గదా, అయ్యవారూ! పోతులో దోషమేమి?" అని అడుగువారికి సమాధానము ఈ లెక్కలోనే యున్నది. దోషము మొదటి తరములో దాగి, రెండవ తరములో తేలినది. పోతు మాఱనందున తేలినది. ఈ లెక్కలో తల్లికిని తండ్రికిని భాగము సమానమే. రోగము వచ్చిన పిల్లకు చెఱియొకటి ఇచ్చినవి. కాని తల్లిమేక తన జీవితకాలములో ఈను పిల్లలు కొన్నియే. పోతు సంతానము వందలు. ఆబోతు వీర్యమును గడ్డకట్టించి దేశమంతట సూది ద్వారా ఎక్కించు ఈ కాలమున ఒక ఆబోతు సంతానము వేలు, పదివేలు. అందుచేతనే మన దేశములోని వీర్య కేంద్రములలో ఆబోతుల క్రోమోజోములను పరీక్షించుటయు, జాతినిబట్టి కొన్ని వంశవ్యాధులకు పరీక్షలు చేయుటయు నియమముగా నున్నది. వీధి మేకపోతునకు అట్టి పరీక్ష ఏదియు లేదు.

పేరుపొందిన మగజంతువు ఎంత దూరము పోగలదో అమెరికాలోని క్వార్టర్ జాతి గుఱ్ఱముల చరిత్ర చెప్పుచున్నది. ఆ జాతిలో కొన్ని గుఱ్ఱములకు రెండేండ్ల వయస్సున మొదటిసారి జీను వేసినపుడు వీపు చర్మము జాఱి చినిగిపోవును. అంతవఱకు ఏ లోపమును కనబడదు. వంశవృక్షములను వెనుకకు చూడగా రోగము వచ్చిన గుఱ్ఱములు 1944లో పుట్టిన పోకో బ్యూనో అను ప్రఖ్యాతమైన గుఱ్ఱపు వంశమునకు చేరినవి. చెడిన జన్యువు 2007లో తెలిసినది. పశువులను మందనుండి వేఱుచేయు పోటీలలో పాల్గొను ఆ జాతి గుఱ్ఱములలో నూటికి సుమారు 28 వాహకములని 2009లో తేలినది. అందఱును కోరినది పోకో బ్యూనో నేర్పును. దానితోపాటు చర్మదోషమును కొనితెచ్చుకొనిరి. మన చేరువలోని పుంగనూరు ఆవుల వంటి, సంఖ్య తక్కువగానున్న జాతులను ముచ్చటకు కొని పెంచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనుట మంచిది. జాతి ఎంత చిన్నదైన బంధుత్వములు అంత దగ్గఱ.

వంశమునకును తొట్టికిని గల భేదమును గేదె నలుపులో చక్కగా చూడవచ్చును. గేదెకు, మన వైపు మాటలో ఎనుముకు, ఆ నలుపునిచ్చునది మెలనిన్ అను రంగుపదార్థము. దానిని తయారుచేయుటకు టైరోసినేజ్ అను ఎంజైము కావలెను. ఆ ఎంజైమును తయారుచేయు జన్యువు రెండు ప్రతులలోను చెడిపోయినచో దూడ తెల్లని వెండ్రుకలతో, గులాబివన్నె చర్మముతో, ఎండకు తాళలేని కన్నులతో పుట్టును. భారతదేశమునుండి వెళ్ళిన ముఱ్ఱా జాతి గేదెలను పెంచు బ్రెజిల్ దేశమున ఇట్టి దూడలను పరీక్షించి, జన్యువులో ఏ అక్షరము మాఱినదో 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇది వంశములోనిది, ఏ మేత పెట్టినను నలుపు రాదు. ఇక మఱియొక గేదె నల్లగానే పుట్టి, నడివయస్సులో మచ్చలు మచ్చలుగా తెల్లబడవచ్చును. దానిని మనము బొల్లి యందుము. టైరోసినేజ్ పనిచేయుటకు రాగి అవసరము. మేతలో రాగి కొఱవడినచో ఎంజైము ఉండియు పనిచేయదు, రంగు వెలియును. అట్టి గేదెలు కొన్నిటికి పశువైద్యుని సలహాపై రాగిగల లవణ మిశ్రమము నిచ్చినచో నలుపు తిరిగి వచ్చును. రెండు గేదెలలోను తడబడినది ఒకే ఎంజైము. ఒకదానిలో కారణము తాతముత్తాతలనుండి వచ్చినది, రెండవదానిలో తొట్టినుండి వచ్చినది. చర్మమును పైపైన చూచి తీర్పు చెప్పువారు ఈ రెంటిని ఒకే గాటకు కట్టుదురు.

తెలుపు అనగానే లోపమనుకొనరాదు. మన ఒంగోలు ఎద్దు వెండ్రుక తెల్లనిది. దాని క్రింది చర్మము నల్లనిది. తెల్లవెండ్రుక ఎండను త్రిప్పికొట్టును, నల్లచర్మము మిగిలిన ఎండను లోనికి పోనీయదు. ఈ జాతి బ్రెజిల్‌కు పోయి, నెల్లూరి పేరుతో నెలోర్ అని పిలువబడుచు, అక్కడి ఎండలలో వృద్ధిపొందుటకు ఈ చర్మము కూడ ఒక కారణము.

వంశములోని దోషమునకు చికిత్సయే లేదనుట కూడ సరికాదు. డెన్మార్కు దేశమున ఫ్రీజియన్ సంతతి పశువులలో ఒక విచిత్రమైన వ్యాధిని 1960 దశకమునుండి గుర్తించిరి. దూడ చక్కగా పుట్టును. నాలుగు మొదలు ఎనిమిది వారముల వయస్సున మూతి చుట్టును, కన్నుల చుట్టును, కాళ్ళ మీదను పెచ్చులు కట్టును, వెండ్రుకలు రాలును, నాలుగు నెలలు నిండకముందే చనిపోవును. పరిశీలింపగా ఆ దూడ ప్రేగు మేతలోని జింకును పీల్చుకొనలేకున్నదని తేలినది. దోషము వంశములోనిదే. కాని ప్రతిదినము ఎక్కువ మోతాదులో జింకు లవణమును త్రాగించినచో కొలది వారములలో పెచ్చులు రాలిపోయి దూడ కోలుకొనును. మానిన వెంటనే రోగము తిరిగివచ్చును. అనగా దోషము వంశములోనిది, మందు తొట్టిలోనిది. మన సంకరజాతి ఆవులలో ఫ్రీజియన్ రక్తము విరివిగా ఉన్నది గనుక, ఇట్టి దూడ కనబడినపుడు దిష్టి తీయుటతో సరిపెట్టక పశువైద్యుని పిలుచుట మేలు.

మన ఊళ్ళ జీవనాధారమైన తోలు కథయు ఇందులోనే యున్నది. ట్యానరీలో పనిచేయువారెఱుగుదురు: సున్నపు తొట్టెలో నానవేసినపుడు వెండ్రుకయు పైచర్మమును ఊడిపోవును. మిగులునది లోచర్మము. దానిలో అధికభాగము కొల్లాజెన్ అను పోగు. పూర్వము తంగేడు చెక్కతోను, కరక్కాయతోను మన తోళ్ళవారు పదును చేసినది ఈ పోగునే. ఈ పోగు నిర్మాణమును ప్రపంచమునకు తెలిపినది మన మద్రాసు నగరమే. మద్రాసు విశ్వవిద్యాలయములో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా అనువారు 1954లో కొల్లాజెన్ మూడు పేటల త్రాడువంటిదని ప్రతిపాదించి, 1955లో ఆ రూపమును మఱింత సరిదిద్దిరి. ఆ పరిశోధనకు కావలసిన కంగారూ తోక నరమును ఇచ్చినది ప్రక్కనే యున్న కేంద్ర తోళ్ళ పరిశోధనాలయము. 1948లో స్థాపింపబడిన ఆ సంస్థకు 1958 మొదలు 1971 వఱకు అధిపతిగా నుండినవారు గుంటూరు జిల్లా యలవఱ్ఱు గ్రామమున పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు. తెలుగువారమైన మనము ఆ పేరును పిల్లలకు చెప్పవలెను.

మూడు పేటల ఆ త్రాడు కణములో తయారగునపుడు దాని రెండు చివరల అదనపు కొసలుండును. కణము వెలుపల ఆ కొసలను ఎంజైములు కత్తిరించివేసిన పిమ్మటనే త్రాళ్ళు ఒకదానిప్రక్క ఒకటి ఒదిగి గట్టి పోగగును. మగ్గము పనివారికి దీనిని వివరింపనక్కఱలేదు. ముడులు తీయని నూలుతో నేసిన బట్ట ఎట్లుండునో వారెఱుగుదురు. 1960 దశకములో బెల్జియం దేశమున కొన్ని దూడల చర్మము తడిసిన కాగితమువలె, కొంచెము లాగినంతనే చినుగుటను పశువైద్యులు గమనించిరి. కొసలను కత్తిరించు ఎంజైములలో ఒకటి ఆ దూడలలో లేదని 1971లో తెలిసినది. తరువాత గొఱ్ఱెలలోను ఈ దోషము కనబడినది. మనుష్యబిడ్డలలో కూడ ఇదే దోషము గలదని 1992లో గాని వైద్యులు గుర్తింపలేదు. దూడయే వైద్యునికి దారిచూపినది. 1999లో రెంటికిని కారణమైన జన్యువు ఒకటేయని ఋజువైనది.

ఇంతకంటె విచిత్రమైనది హెర్‌ఫర్డ్ జాతి పశువులలోని దోషము. ఆ పశువు జీవితమంతయు ఆరోగ్యముగా తిరుగును, మేయును, ఈనును. చర్మము మీద ఒక్క మచ్చ కనబడదు. చర్మము ట్యానరీకి చేరి తోలైన తరువాత గాని సంగతి తెలియదు. మామూలు చర్మములో కొల్లాజెన్ పోగులు ఏటవాలుగా, ఒకదానిలో ఒకటి అల్లుకొని యుండును. ఈ పశువులలో అవి నిటారుగా నిలిచియుండును. అట్టి తోలు చూచుటకు బాగుండియు లాగినపుడు చినిగిపోవును. దీనిని కూడ వంశ దోషముగానే భావించుచున్నారు. పశువైద్యునికి చిక్కని దోషమును తోళ్ళ కార్మికుని చేయి పట్టుకొన్నదన్నమాట. మన ట్యానరీలలో చేతితో తడిమి తోలును వర్గములుగా ఏర్పఱచు పెద్దలకు గల జ్ఞానమును మనము తక్కువగా ఎంచుచున్నామని నా అభిప్రాయము.

ఇక మన రాష్ట్రపు కుక్కను గూర్చి చెప్పవలెను. రాజపాళయము పట్టణము విజయనగర కాలములో తెలుగునాటినుండి వలస వచ్చిన రాజులు స్థిరపడిన చోటు. ఆ ఊరి పేరుగల వేటకుక్క పాలవలె తెల్లనిది, ముక్కు గులాబివన్నెది. 2005లో భారత తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ళను కూడ విడుదల చేసినది. కొనువారు మచ్చలేని తెలుపును, గులాబి ముక్కును కోరుదురు. కాని ఈ జాతిలో చెవిటి కుక్కపిల్లలు పుట్టుట చిరకాలమునుండి తెలిసిన సంగతి. చర్మపు రంగునకును చెవికిని సంబంధమేమి? పిండదశలో వెన్నుదెస పుట్టిన రంగుకణములు ప్రయాణించి చర్మమును చేరును. వానిలో కొన్ని లోచెవిని కూడ చేరును. అక్కడ అవి లేనిచో వినికిడికి కావలసిన సున్నితమైన కణములు నశించును. రంగు లేని చర్మమును ఎంచియెంచి పెంచినకొలది రంగుకణములు లేని చెవులును పెరుగును. తెల్లపిల్లులలో నీలికన్నులున్నవి తఱుచుగా చెవిటివని డార్విన్ వ్రాసెను. అమెరికాలో పరీక్షించిన డాల్మేషియన్ కుక్కలలో నూటికి సుమారు 30 ఒక చెవితోగాని రెండు చెవులతోగాని వినలేవు. కుక్కపిల్లను కొనువారు దాని వెనుక నిలిచి చప్పట్లు కొట్టి చూచుట మంచిది. ఒక చెవి విన్నచో ఈ పరీక్షకు చిక్కదు. అయినను ఏమియు చూడకుండుటకంటె నయము. ఇక్కడ దోషమును పెంచినది ప్రకృతి కాదు, మన ముచ్చట.

వంశములో వచ్చు మార్పులన్నియు దోషములు కావని చెప్పుటకు కోడి చాలును. కొన్ని కోళ్ళకు మెడమీద ఈకలుండవు. చూచినవారు రోగమనుకొందురు. అది బహిర్గత లక్షణము. తల్లి గాని తండ్రి గాని ఒకరిచ్చినను కనబడును. ఈకలు తక్కువగుట వలన ఆ కోడి ఒంటివేడి సులభముగా బయటికి పోవును. ఎండకాలములో అది ఇతర కోళ్ళకంటె హాయిగా నుండును. ఇజత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధనాలయమువారు ఈ లక్షణముతోనే హిట్‌కారి అను పెరటికోడిని తయారుచేసిరి. చల్లని దేశములో లోపమైనది వేలూరిలో వరమగుచున్నది.

మేకపోతు లెక్క మేకలతో ఆగిపోవునది కాదని తల్లిదండ్రులు గ్రహించియే యుందురు. మనలోను, మన ఇరుగుపొరుగు తమిళులలోను మేనరికము చిరకాలపు ఆచారము. మేనమామకు మేనకోడలికి జన్యువులలో సుమారు నాలుగవ వంతు, మేనబావకు మేనమఱదలికి ఎనిమిదవ వంతు ఉమ్మడిగా నుండును. మేనరికపు బిడ్డలలో అత్యధికులు ఆరోగ్యవంతులే. ఆచారమును నిందించుట నా ఉద్దేశము కాదు. కాని ఇంటిలో ఇదివఱకే ఒక బిడ్డకు వంశవ్యాధి వచ్చియున్నచో, తరువాతి మేనరికమును నిశ్చయించుటకు ముందు వైద్యుని అడుగుట అవసరము. వేలూరి క్రిస్టియన్ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఇట్టి సలహా చెప్పు విభాగము కలదు. చర్మము పొలుసులుగానున్న బిడ్డ ప్రక్కన, బొల్లి మచ్చలున్న బిడ్డ ప్రక్కన కూర్చుండుటకు తోటిపిల్లలు జంకుటను ఉపాధ్యాయులము చూచుచుందుము. ఆ రెండును అంటునవి కావు. బల్లమీద చోటు మార్చుమని పిల్లలు అడుగుచున్నారనగా ఇంట ఎవరో ఆ మాట చెప్పియున్నారు.

పెరటిలో దోషముతో పిల్ల పుట్టినచో చేయవలసిన పని కష్టమైనది కాదు. దానిని పొడిగుడ్డ మీద నీడను పడుకొనబెట్టి, ఈగలు వ్రాలకుండ చూచి, ముఱ్ఱుపాలు త్రాగింపవలెను. పశువుల ఆసుపత్రికి తెలుపవలెను. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్యశాలవారు పలుకుదురు. చనిపోయినను వెంటనే పాఱవేయక వైద్యునికి చూపినచో, చర్మపు తునకను పరీక్షకు పంపుటకు వీలగును. మద్రాసులో 1903లో ఏర్పడిన పశువైద్య కళాశాల వంటివి ఇట్టి పరీక్షల కొఱకే యున్నవి. చూలుకాలములో తల్లికి ఏమి మేపితిరి, ఉప్పు పెట్టితిరా, ఆ యేడు మందలో జ్వరమేదైన వచ్చినదా అని వైద్యుడు అడుగును, జ్ఞాపకముంచుకొని చెప్పవలెను.

వంశ దోషమని తేలినచో ఆ పోతును, దాని మగపిల్లలను సంతానమునకు ఉంచరాదు. ఆ సంగతిని దాచి, విత్తనపు పోతుగా పొయిగై సంతలో అమ్ముట మాత్రము తగని పని; మన వీధి దోషమును మఱియొక వీధికి తోలినట్లగును. విత్తులు నొక్కించి మాంసమునకు అమ్మినచో ఎవ్వరికిని కీడు లేదు. దోషము లేకున్నను, ఆడపిల్లలు ఎదకు రాకముందే పోతును మార్చుట మంచి పద్ధతి. గుడియాత్తము వైపు పోతును పలమనేరు వైపు వారితో మార్చుకొన్నచో ఇద్దఱికిని ఖర్చు లేదు.

సూది వేయించువారికి మఱియొక మాట. వీర్యపు గొట్టము మీద ఆబోతు సంఖ్య అచ్చువేసి యుండును. సూది వేసినవారు దానిని పాఱవేయకముందే అడిగి చూచుకొనవలెను. ఆవు చెవికి తగిలించిన పసుపుపచ్చ బిళ్ళమీది 12 అంకెల సంఖ్య, సూది వేసిన తేది, ఆబోతు సంఖ్య, దూడ పుట్టిన తేది, దూడ ఎట్లున్నది అను అయిదు వివరములను వరుసగా వ్రాసియుంచినచో, రెండు మూడు ఈతలకు వైద్యునికి కావలసిన వంశవృక్షము సిద్ధమగును. దీనికి పెద్ద పుస్తకము అక్కఱలేదు. మీ పిల్లల పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితములు చాలును, వ్రాయుటకు పిల్లలే యున్నారు.